నెలవారీ భోజనాలు కాస్తా పోటీ అయిపోయాయి, ఏం చేద్దాం?

పాలకొల్లు_కాలవగట్టు
మా వీధిలో కొన్ని కుటుంబాలం కలిసి నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం ఒకరింట్లో భోజనం చేస్తాం. పిల్లా పెద్దా కలిపి నలభై మంది దాకా అవుతాం. గోడకి గోడ ఆనుకుని ఉండి కూడా పలకరింపులు తగ్గిపోయాయి, పెళ్లిళ్లలో తప్ప కూర్చుని మాట్లాడుకోవడం లేదు, కనీసం నెలకోసారైనా ఒకే బంతిలో తిందాం అని మొదలుపెట్టాం. మొదటి భోజనంలో ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ దప్పళం, వడియాలు, గడ్డపెరుగు. అంతే. దీపాలు పెట్టేవేళ దాకా ఎవరూ కదల్లేదు.

ఆ తర్వాత ఒకరు బూరెలు చేశారు. పై నెల ఇంకొకరు బూరెలతో పాటు పూతరేకులు తెప్పించారు. ఇక పెరుగుతూ పోయింది. ఇప్పుడు మూడు రకాల వేపుళ్లు, కోడి, రొయ్య, చేప, బిర్యానీ, ఐస్‌క్రీమ్. పోయిన నెల క్యాటరింగ్‌కి ఇచ్చి బఫే పెట్టించారు. ప్లేట్లు పట్టుకుని తలో మూలా నిలబడి తిని, రెండున్నరకల్లా ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయాం. రెండు కుటుంబాలు ఏవేవో కారణాలు చెప్పి రావడం మానేశాయి. ఖర్చుకి జంకే మానేశారని నాకు అర్థమవుతోంది, కానీ అడిగి వాళ్లని చిన్నబుచ్చలేను. వచ్చే నెల వంతు మాది. ఇలాంటి బృందాలు నడిపినవాళ్లు చెప్పండి, దీన్ని మళ్లీ దారిలో పెట్టొచ్చా?

తణుకు_తమ్ముడు
ఆపేయకండి బాబూ. ముందు ఆ బిర్యానీ నెల ఎవరిదో అడ్రస్ పెట్టండి, పరిశీలించి నివేదిక ఇస్తాం.

రొయ్యల_చెరువు
ఖర్చు మాట నిజం. మా భీమవరం వైపు కూడా ఇలాంటిదే ఒకటి నడిచింది. రొయ్య రేటు బాగున్నప్పుడు ఎవరూ లెక్క చూసుకోలేదు. 2025లో అమెరికా సుంకాలు పెంచేసరికి రేట్లు పడ్డాయి, కొందరి చేతుల్లో డబ్బు ఆడలేదు. అయినా ముందు నెలవాళ్లు పెట్టినదానికి తగ్గకూడదని అప్పు చేసి మరీ పెట్టినవాళ్లున్నారు. తగ్గించుకుందాం అనే మాట ఎవరి నోటా రాలేదు. చివరికి ఆగిపోయింది. డబ్బున్నవాళ్లే ముందు తగ్గించాలండి. లేనివాళ్లు తగ్గిస్తే లేక తగ్గించారంటారు, ఉన్నవాళ్లు తగ్గిస్తే అదే పద్ధతి అవుతుంది.

కోనసీమ_కోడలు
ఐటెమ్స్ ఎన్ని, ఖర్చు ఎంత అని లెక్కలు వేస్తున్నారు. వండేవాళ్ల మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. మాకూ అమలాపురంలో ఇలాంటి బృందం ఉండేది. మా వంతు వస్తుందంటే మా అత్తగారికీ నాకూ వారం ముందు నుంచే టెన్షన్. పనసపొట్టు కొట్టించుకు రావాలి, పిండి రుబ్బాలి, ఇల్లు కడగాలి. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి దగ్గర నిలబడితే, మగవాళ్ల బంతి, పిల్లల బంతి, ఆ తర్వాత వచ్చినవాళ్ల బంతి లేచేసరికి మూడు దాటేది. అప్పుడు మేము చల్లారిన అన్నం, అడుగంటిన పులుసు ముందేసుకుని కూర్చునేవాళ్లం. ముందు గదిలో నవ్వులు వినబడేవి. ఏం చెప్పుకుని నవ్వుతున్నారో మాకు తెలిసేది కాదు.

ఆ ఇంటికి వచ్చిన ఆడవాళ్లైనా కూర్చునేవారా అంటే, వాళ్లూ వంటింట్లోకే వచ్చి సాయం పట్టేవారు. అంటే ఊరంతా కలిసి భోంచేసింది అనుకున్న రోజున సగం మంది అసలు కూర్చోనే లేదు. మీరు రకాలు తగ్గించండి, మంచిదే. కానీ వండినవాళ్లు కూడా మొదటి బంతిలో కూర్చునే పద్ధతి పెట్టనంతకాలం అది అందరి భోజనం కాదు.

గరిటె_మాస్టారు
కోడలు గారు చెప్పింది అక్షరాలా నిజం. వంటలు ఒప్పుకోవడం మా నాన్న హయాం నుంచీ మా పని. ఎన్నో ఇళ్లలో చూశాను, ఇంటావిడ తిన్నారా అని అడిగే దిక్కుండదు.

బఫే గురించి ఒక మాట. బంతిలో కూర్చున్న మనిషికి పప్పు వేశాక కూర వచ్చేదాకా రెండు నిమిషాలు ఖాళీ ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లోనే పక్కవాడితో మాట కలుస్తుంది. బఫేలో ఆ ఖాళీ లేదు, అన్నీ ఒకేసారి ప్లేటులో పడతాయి, కళ్లు ప్లేటు మీదే ఉంటాయి. వృథా కూడా బఫేలోనే ఎక్కువ. బంతిలో వడ్డించేవాడు ఆకు చూసి వేస్తాడు, తినేవాడు చెయ్యి అడ్డం పెడతాడు.

నలభై మందికి, అందులో పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి, ఒట్టి అన్నం భోజనమైతే తలకి 150 గ్రాముల లెక్కన 6 కిలోల బియ్యం చాలు. కందిపప్పు కిలోన్నర. పెరుగుకి 5 లీటర్ల పాలు తోడుపెట్టండి. ఒక కూర, ఒక పచ్చడి, ఒక పులుసు. దీనికి వంటమనిషి అక్కర్లేదు, ఇద్దరు కూరలు తరిగితే ఇద్దరు వండేయొచ్చు. రకాలు పెరిగితే ఒక్కోటి తక్కువ వండినా సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. ప్రతిదీ అందరికీ ఒక్క గరిటైనా పడాలి కదా, అక్కడ పెరుగుతుంది సరుకు.

అత్తిలి_పెద్దాయన
మరీ పప్పన్నం పెట్టి పంపించమంటారా? ఇంటికి పిలిచి పెట్టడంలో ఒక మర్యాద ఉంటుంది. సంక్రాంతికి కొత్త అల్లుడికి వందల రకాలు పెట్టారని పేపర్లో వస్తే మన గోదావరి జిల్లాల పేరే కదా వచ్చేది. పెట్టే చెయ్యి మనది. దాన్ని తగ్గించుకోమంటే ఎలా?

తణుకు_తమ్ముడు
పెద్దాయన గారూ, ఆ అల్లుడు వాటిలో ఎన్ని తిన్నాడో ఏ పేపరూ రాయలేదండి.

వైనతేయ_ఒడ్డు
పెట్టే చెయ్యి అన్నారు కాబట్టి మా ఊరి సంగతి చెబుతాను. మాది లంకల గన్నవరం. డొక్కా సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టి, పెళ్లయ్యి మా ఊరికి వచ్చారు. భర్త జోగన్న గారు రైతు. గోదావరి పాయ వైనతేయ దాటాల్సినవాళ్లు పడవ కోసం గంటలు గంటలు రేవులో ఆగాల్సి వచ్చే రోజులు. అలా ఆకలితో వచ్చినవాళ్లకి, వేళ కాని వేళ వచ్చినా, ఆవిడ పొయ్యి వెలిగించి వండి పెట్టారు. కులం అడగలేదు. 1909లో పోయేదాకా అదే పని. ఆవిడ పేరు కాలవని వైనతేయ మీదుగా దాటించే గన్నవరం అక్విడెక్టుకి ఉంది, 2024 నుంచి బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఉంది. ఆవిడ ఎన్ని రకాలు వండారని మా ఊళ్లో ఎవరూ చెప్పుకోరు. వచ్చినవాడు ఆకలితో వెళ్లలేదు, అంతవరకే చెప్పుకుంటారు. గోదావరి జిల్లాల మర్యాదకి కొలత కావాలంటే ఇదిగో, ఇది తీసుకోండి.

అత్తిలి_పెద్దాయన
సీతమ్మ గారి మాట ఎత్తితే ఇంకేమంటాను. చెయ్యెత్తి దణ్ణం పెట్టడమే. కానీ ఒక్క స్వీటైనా లేకుండా ఆకు ముందు కూర్చోబెట్టడం నా వల్ల కాదు.

షుగర్_సోదరుడు
ఆ ఒక్క స్వీటూ పెట్టి "ఒక్కటి తింటే ఏం కాదులే" అని బలవంతం చేయకుండా ఉంటే చాలండి. బూరె వద్దంటే నెయ్యి పోసి మరీ వేస్తారు. ఇంటికెళ్లి మిషన్ మీద చూసుకునేది మేము.

ముక్కామల_పంతులు
నేను వేరే ప్రశ్న అడుగుతాను. కాలవగట్టు గారూ, మీ బృందంలో ఎవరెవరున్నారు? "మా వీధి" అన్నారు. మన ఊళ్లలో వీధి అంటే ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. కార్తీకమాసం వస్తే ఏ తోట చూసినా కులానికో బ్యానర్ కట్టి వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినాల్సిన రోజుని కూడా విడివిడిగా పంచుకున్నాం.

బంతి భోజనం ఊరికే వచ్చింది కాదు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని తినడం కోసం దెబ్బలు తిన్నవాళ్లున్నారు. 1917లో కేరళలో చెరాయి అనే ఊళ్లో అయ్యప్పన్ అనే యువకుడు తన కులంవాళ్లనీ, అంటరానివాళ్లుగా చూసిన పులయలనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడు. సొంత కులంవాళ్లే అతన్ని వెలివేశారు. తర్వాత ఆయన్ని సహోదరన్ అయ్యప్పన్ అన్నారు. మన దగ్గరా సంస్కరణ ఉద్యమాల్లో సహపంక్తి భోజనాలు జరిగాయి. కలిసి తినాలి అనుకుని మొదలుపెట్టిన మీరు ఆ ఒక్క అడుగు కూడా వేయొచ్చు కదా.

అత్తిలి_పెద్దాయన
తిండి దగ్గర కూడా కులం ఎందుకండీ మధ్యలో? హాయిగా నలుగురు తింటున్నారు, తిననివ్వండి.

ముక్కామల_పంతులు
నేను తెచ్చింది కాదు పెద్దాయన గారూ, ఎప్పట్నుంచో అక్కడే కూర్చుని ఉంది. మా అమ్మ పెళ్లిళ్లలో అంట్లు తోమేది. వంట అయిందాకా గుండిగ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఖాళీ అయ్యాక అదే గుండిగ ఆవిడ చేతికి వచ్చేది. అందుకే అడిగాను.

నిర్వాహకుడు
ఏ కులాన్నీ పేరు పెట్టి ఎవరూ ఏమీ అనకండి. ఇప్పటివరకు అందరూ మర్యాదగానే మాట్లాడారు, అలాగే సాగనివ్వండి.

ఆత్రేయపురం_రేకు
పంతులు గారితో ఏకీభవిస్తాను, కానీ ఒక్క భోజనంతో ఏదో మారిపోతుందని మాత్రం అనుకోవద్దు. అంబేడ్కర్ 1936లోనే చెప్పారు, కలిసి తినడం ఒక్కటే చాలదు, పెళ్లిళ్లు కలిసినప్పుడే కులం పోతుందని. కలిసి తిని, ఫోటో దిగి, సంబంధాల దగ్గరికి వచ్చేసరికి పాత లెక్కలే వేసుకునేవాళ్లని చూశాం.

ముక్కామల_పంతులు
చాలదు, నిజమే. ఒకరింట్లో ఒకరు తినడమే లేనిచోట పెళ్లి మాట ఎవరెత్తుతారండి? ఎక్కడో మొదలవ్వాలి. ఒకటి మాత్రం చెబుతాను కాలవగట్టు గారికి. కొత్తవాళ్లని పిలిస్తే అతిథుల్లా పిలవకండి. వాళ్లకీ వంతు ఇవ్వండి. వాళ్లింటికి వెళ్లి మీరు తినాలి. మీ ఇంట్లో వాళ్లకి పెట్టడం సులువే.

నరసాపురం_టు_బిల్బావో
ఈ చర్చ మొత్తం చదివాను. ఉద్యోగం మీద స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతంలో ఉంటున్నాను. ఇక్కడ ఊరూరా భోజన సంఘాలుంటాయి, "చోకో" అంటారు. 19వ శతాబ్దంలో సాన్ సెబాస్టియన్‌లో మొదలయ్యాయి. సంఘానికి సొంత వంటగది, పొడవాటి బల్లలు. సభ్యులే సరుకు తెచ్చుకుని వండుకుంటారు, స్నేహితులని పిలుచుకుంటారు, నూనె, వైను లాంటివి సంఘం అలమరాలోంచి వాడితే ఎంత వాడారో రాసి డబ్బు కట్టేస్తారు. ఎక్కువగా నమ్మకం మీదే నడుస్తుంది. వండేది మగవాళ్లే. నన్ను తీసుకెళ్లిన సహోద్యోగి చేప వండి, వడ్డించి, తర్వాత పాట కూడా పాడాడు. ఏ ఇంటి మీదా భారం పడదు కాబట్టి పోటీ పుట్టే చోటే లేదనిపించింది.

అలాగని అంతా గొప్పగా ఉందని చెప్పను. చాలా సంఘాల్లో ఆడవాళ్లకి సభ్యత్వం ఉండేది కాదు, కొన్నిచోట్ల వంటగదిలోకి కూడా రానిచ్చేవారు కాదు. ఇప్పుడు మారుతోంది. మనం తీసుకోవాల్సింది ఉమ్మడి వంటగదీ, మగవాళ్ల చేతిలో గరిటా.

కోనసీమ_కోడలు
మగవాళ్ల చేతిలో గరిటె అన్న ముక్క మా ఆయనకి చదివి వినిపించాను. కరెంటు బిల్లు కట్టి వస్తానని బయటికి వెళ్లారు.

గరిటె_మాస్టారు
మన పెళ్లిళ్లలో వండేది మగవాళ్లే కదమ్మా. వందల మందికి వండితే పని, ఇంట్లో నలుగురికి వండితే నామోషీ. ఎందుకో మరి.

యానాం_ఏటిగట్టు
ఇంటింటి నుంచి ఒక్కో గిన్నె తెస్తే? ఆ ఇంటివాళ్లు అన్నం, పప్పు, పెరుగు చూసుకుంటారు. మిగతావాళ్లు తలో కూర. మా బృందం అలాగే నడుస్తోంది. వానాకాలంలో ఒక్క నెల మాత్రం నియమం సడలిస్తాం, అది పులస నెల. వరద నీటికి ఎదురీదుకుంటూ సముద్రం నుంచి వచ్చే చేప, జులై నుంచి సెప్టెంబరు దాకానే దొరుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు కానీ ఏ ఒక్క ఇంటి పుస్తెలూ అమ్మక్కర్లేకుండా అందరం చందా వేసుకుంటాం. తలకి చిన్న ముక్కే వస్తుంది. ముందు రోజు సాయంత్రం మట్టిదాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాడు తింటాం. ఆ నెల ఎవరూ మానరు.

రొయ్యల_చెరువు
ఇదిగో, నేను అడగబోయిన సంగతి ఇదే. చందా పద్ధతి బాగుంది. ఎవరింట్లో తిన్నా ఖర్చు అందరిదీ. అప్పు చేసే అవసరం ఎవరికీ రాదు.

అత్తిలి_పెద్దాయన
నాకు నచ్చదు. మా ఇంటికి వచ్చి మీ కూర మీరే తెచ్చుకుని తింటే నేను పెట్టినట్టెలా అవుతుంది?

వైనతేయ_ఒడ్డు
మీరు చోటిచ్చారు, ఆకేశారు, వడ్డించారు. అదే పెట్టడం అండి.

పాలకొల్లు_కాలవగట్టు
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అందరిదీ చదివి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. పంతులు గారి ప్రశ్నకి నేరుగా జవాబు: అవును, మా బృందం ఒకే వీధి, మీరు అనుకున్న అర్థంలోనే. ఈసారి చెరువు అవతల పేటలో ఉండే మా అబ్బాయి సైన్సు మాస్టారి కుటుంబాన్నీ, పక్క వీధి మస్తాన్ దర్జీ కుటుంబాన్నీ అడిగాను, వంతుతో సహా. మాస్టారు వెంటనే ఒప్పుకోలేదు. "ఒక్కసారికేనా, ఎప్పటికీనా?" అన్నారు. ఎప్పటికీ అన్నాను. మా వీధిలో ఒకాయన ఈ సంగతి విని ఫోన్ చేసి, ఈసారి ఊళ్లో ఉండను అన్నారు. సరే అన్నాను.

నియమాలు ఇవి పెట్టాం. అన్నం కాక నాలుగు రకాలు, ఒక స్వీటు. ఆ స్వీటు పెద్దాయన గారి మాట మీద ఉంచాను. సరుకుల ఖర్చు అందరిదీ. కూరలు తరగడానికి పొద్దున్నే ఇంటికొకరు రావాలి, వాళ్లలో మగవాళ్లు తప్పనిసరి. వడ్డన మగపిల్లలది. ఆడవాళ్లందరూ మొదటి బంతి.

కోనసీమ_కోడలు
ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. ఎలా జరిగిందో తప్పకుండా రాయండి.

తణుకు_తమ్ముడు
అడ్రస్ మాత్రం ఇంతవరకు పెట్టలేదు.

పాలకొల్లు_కాలవగట్టు
నిన్న అయింది. అందరూ అడిగారు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్న ఎనిమిదింటికి ఆరుగురు మగవాళ్లం కత్తిపీటల ముందు కూర్చున్నాం. కంద తరగడం ఎవరికీ చేతకాక చేతులు దురదలెత్తిపోతే, మస్తాన్ వాళ్లావిడ వచ్చి చింతపండు నీళ్లు పూసుకోమన్నారు. కందాబచ్చలి, మామిడికాయ పప్పు, మజ్జిగపులుసు, కొబ్బరి పచ్చడి, స్వీటుకి బెల్లం పరమాన్నం. మొదటి బంతిలో ఆడవాళ్లని కూర్చోమంటే పది నిమిషాలు ఎవరూ కూర్చోలేదు, "ముందు మీరు కానివ్వండి" అని. మా అమ్మే ముందు వెళ్లి ఆకు ముందు కూర్చుంది. పక్కన మాస్టారి భార్యని రమ్మని పిలిచింది. మా అమ్మకి డెబ్భై దాటాయి. ఆ తర్వాత అందరూ కూర్చున్నారు.

పిల్లల వడ్డన గురించి చెప్పాలి. మజ్జిగపులుసు ఒకావిడ ఒళ్లో పోశారు, ఉప్పు వేయడం మరిచిపోయారు, పరమాన్నం మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వేశారు. రెండో బంతిలో మేమూ పిల్లలూ కూర్చుంటే తినేసిన ఆడవాళ్లు చుట్టూ చేరి కబుర్లు మొదలుపెట్టారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయకముందు మన డెల్టాలో కరువు ఎలా ఉండేదో వాళ్ల తాతగారు చెప్పిన కబుర్లు మాస్టారు చెబితే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. మానేసిన రెండు కుటుంబాల్లో ఒకటి వచ్చింది. రెండోవాళ్లు రాలేదు, ఈ వారం వెళ్లి కలుస్తాను. ఊళ్లో ఉండనన్నాయన ఊళ్లోనే ఉన్నారు, రాలేదు. ఆయన దగ్గరికీ వెళతాను.

గరిటె_మాస్టారు
కందకి చింతపండు, బాగా చెప్పారావిడ. ఈసారి చేతులకి ముందే నూనె రాసుకోండి. అన్నం మిగిలిందా?

పాలకొల్లు_కాలవగట్టు
మీ లెక్క సరిపోయింది మాస్టారూ. ఓ చిన్న గిన్నెడు మిగిలితే రాత్రికి పులిహోర కలిపాం.

అత్తిలి_పెద్దాయన
పరమాన్నం పెట్టినందుకు సంతోషం. మా అత్తిలిలో కూడా ఒకటి మొదలుపెడదామని మా తమ్ముడితో అన్నాను. కూరలు తెచ్చుకోవడం మాత్రం మా ఇంట్లో కుదరదు, చందా అయితే సరే.

ముక్కామల_పంతులు
వచ్చే నెల వంతు ఎవరిది?

పాలకొల్లు_కాలవగట్టు
సైన్సు మాస్టారిది. ఆయనే అడిగి తీసుకున్నారు. వాళ్లిల్లు చిన్నది, పక్కనున్న హాలు మాట్లాడదామని మా వీధిలో ఒకరన్నారు. వద్దన్నాం. వాళ్ల వరండాలోనే, ఎన్ని బంతులైతే అన్ని బంతులు. మెనూ వాళ్లావిడ చెప్పేశారు: చింతచిగురు పప్పు, ఎండురొయ్యలు వేసి వంకాయ, చారు, పెరుగు. శాకాహారులకి వంకాయ విడిగా తీస్తారు. తరగడానికి పొద్దున్న ఎనిమిదింటికి రమ్మన్నారు.